కష్టపడినవాడు కష్టపెట్టవచ్చునా?



ఈ మాసము మీ యెదుట ఒక ఫుట్‌బాల్ ఆటగాని జీవితమును ఉంచుచున్నాను. సంఘకాపరికి ఆటలతో పనియేమి అని మీలో పెద్దవారు కొందరు అనుకొందురేమో. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయునప్పుడు పరుగు పందెమును, ముష్టియుద్ధమును ఎత్తి మాటలాడెను గదా. ఆ పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెను గనుక వినువారికి అవి తెలిసిన సంగతులే. మన పల్లెలలో కబడ్డీ, వాలీబాల్ తెలిసినంతగా ఫుట్‌బాల్ తెలియదు. కావున కొంత వివరించి చెప్పెదను, ఓపికతో చదువుడి.

నేను విచారింపగోరిన ప్రశ్న ఆటను గూర్చినది కాదు, మన ఇండ్లలోనిది. దెబ్బలు తిని, ఓర్చుకొని, పైకి వచ్చిన మనుష్యుడు తన చేతి క్రిందనున్న పిల్లలను అదే రీతిగా కష్టపెట్టవచ్చునా? తాను ఓర్చినందున వారును ఓర్చవలెనని చెప్పు హక్కు అతనికి కలుగునా?

ఆ ఆటగాని పేరు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాదులో పుట్టెను. అతడు డిఫెండరు.

ఫుట్‌బాల్‌లో ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు ఆడుదురు. ముందు వరుసవారు బంతిని ఎదిరి గోలులోనికి తన్నుదురు. వారి పేర్లే పత్రికలలో పడును, వారినే జనులు భుజములమీద ఎత్తుకొందురు. వెనుక వరుసవారి పని వేరు. వారినే డిఫెండర్లందురు. ఎదిరి పక్షము తోసికొని వచ్చునప్పుడు అడ్డము నిలుచుట, పరుగెత్తువాని కాళ్ళయొద్దనుండి బంతిని లాగివేయుట, గాలిలో వచ్చు బంతిని తలతో కొట్టి త్రోసివేయుట వారి వంతు. ఈ పనిలో ముక్కులు పగులును, చీలమండలు వాచును, తలలు తలలకు తగిలి చిట్లును.

కొల్లేటి గ్రామములవారికి నేను ఇంత చెప్పనక్కరలేదు. డిఫెండరనగా గట్టు. తమ్మిలేరును బుడమేరును పొంగి సరస్సులోనికి దిగిన రాత్రి, ఉప్పుటేరు ఆ నీటినంతటిని సముద్రమునకు తీయలేక నిలిచిపోయినప్పుడు, ఇసుక బస్తాలు భుజమున వేసికొని గట్టుమీద నిలిచినవారికి ఆ సంగతి తెలియును. తెల్లవారి గట్టు నిలిచియున్నయెడల దానివైపు ఎవరును చూడరు. తెగినయెడల జిల్లా అంతయు దానినిగూర్చి మాటలాడును. డిఫెండరు చేసిన మేలు జరుగకపోయిన కీడులోనే యున్నది. ఇంటిలో తల్లి చేయు మేలు కూడ చాలవరకు ఇట్టిదే. పిల్లవాడు నూతిలో పడకపోయిన దినములను ఎవరు లెక్కించుదురు?

మన కొల్లేటి బొచ్చెలును శీలావతులును మంచుగడ్డల మధ్య లారీలకెక్కి కలకత్తా మార్కెట్టునకు పోవుట మీరెరుగుదురు. ఆ కాలమున హైదరాబాదు ఆటగాండ్రును అట్లే కలకత్తాకు పోవుచుండిరి. అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మదన్ స్పోర్టింగ్ అను మూడు పెద్ద సంఘములు కలవు. వాటి అభిమానులు ఒకరి నీడ ఒకరు త్రొక్కరు. నయీముద్దీన్ 1960లలో అక్కడికి పోయి ఆ మూడింటి పక్షముననూ ఆడెను. 1970 డిసెంబరులో బ్యాంకాక్ పట్టణమున జరిగిన ఆసియా క్రీడలకు భారత జట్టు నాయకుడై వెళ్ళెను. మూడవ స్థానము కొరకు జపానుతో జరిగిన ఆటలో మనవారు ఒక గోలు చేసిరి, జపానుకు ఒకటియు రానియ్యలేదు. కంచు పతకము వచ్చెను. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల వరకు మన పురుషుల జట్టునకు ఫుట్‌బాల్‌లో మరియొక పతకము రాలేదు. అందువలన ఆ కంచును చిన్నదిగా ఎంచవద్దు. అతనికి 1970వ సంవత్సరపు అర్జున పురస్కారము నిచ్చిరి.

తరువాత అతడు శిక్షకుడాయెను. ముందు తాను ఆడిన ఆ మూడు సంఘములకును కాలక్రమమున శిక్షణ నిచ్చెను. 1990లో ఈస్ట్ బెంగాల్ అతని చేతి క్రింద ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు అను మూడింటిని ఒకే సంవత్సరమున గెలిచెను. ఆ సంవత్సరమే అతనికి ద్రోణాచార్య పురస్కారము వచ్చెను. ఫుట్‌బాల్ శిక్షకులలో దానిని మొదట పొందినవాడు అతడే. శిక్షకుడుగా అతనికి వచ్చిన పేరు ఒకటే: కఠినుడు. క్రమశిక్షణలో సడలింపు లేనివాడు. మెచ్చుకొన్నవారును ఆ మాటతోనే మెచ్చుకొనిరి, నొచ్చుకొన్నవారును ఆ మాటతోనే నొచ్చుకొనిరి.

ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపుడి. రెండు కఠినత్వములును ఒకటేనా?

మైదానములో నిలిచినప్పుడు అతడు ఖర్చుపెట్టినది తన దేహమును. దెబ్బ తగిలిన నొప్పి అతనిదే. మైదానపు అంచున శిక్షకుడై నిలిచిన దినమునుండి అతడు ఖర్చుపెట్టునది ఇతరుల దేహమును. పరుగెత్తుము అను మాట అతని నోటిది, రొప్పునది మరియొకని రొమ్ము. మనుష్యుడు మారలేదు, స్వభావము మారలేదు, గుణమునకు పెట్టిన పేరును మారలేదు. అయినను ధనము మాత్రము ఇప్పుడు వేరొకనిది. తన సొమ్మును ధారాళముగా ఇచ్చువానిని దాత యందుము. పొరుగువాని సొమ్మును అంతే ధారాళముగా ఇచ్చువానిని ఏమందుము? పౌలు ఆ పందెముల మాట చెప్పినచోట అదుపులో పెట్టుకొన్నది తన దేహమునే యని వ్రాసెను గాని తిమోతి దేహమును గూర్చి ఆ మాట వ్రాయలేదు. మనము ఆ వాక్యభాగమును చదివి పిల్లల వీపులవైపు చూచుచున్నాము.

ఇది ఊరక పుట్టించిన ప్రశ్న కాదు. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో హమాలీగా పనిచేయు సహోదరుడొకడు గత వేసవిలో నాయొద్దకు వచ్చెను. అతని చిన్నకుమారుడు పదవ తరగతి ముగించెను. వానిని ఇంటర్మీడియట్ చదువునకు ఒక వసతి కళాశాలలో చేర్చవలెనని తండ్రి కోరిక. తెల్లవారకముందే లేపి రాత్రి చాలసేపటివరకు కూర్చుండబెట్టు కళాశాలలు మన ప్రాంతమున ఎట్లుండునో మీకు తెలియును. వాని పెద్దన్న అట్టి యొక వసతిగృహమునుండి ఒక రాత్రి గోడ దూకి వచ్చివేసినవాడు. మార్కులు తక్కువ వచ్చినందుకు అందరియెదుట నిలువబెట్టి మాటలాడిరట. ఇప్పుడు అతడు ఆటో నడుపుకొనుచున్నాడు, తండ్రితో ఎక్కువగా మాటలాడడు. చిన్నవానికి వెళ్ళుటకు ఇష్టము లేదు. తండ్రి తన చొక్కా మెడను ప్రక్కకు లాగి భుజము చూపించెను. అక్కడ చర్మము ఎద్దు మెడవలె కాయ కాచియుండెను.

"అయ్యగారండీ, నేను ముప్పై ఏళ్ళు మూటలు మోశానండి. ఆడు రెండేళ్ళు ఓర్చుకోలేడాండీ?" అని అడిగెను.

ఆ భుజమును చూచినవాడెవడును ఆ మాటను తేలికగా త్రోసివేయలేడు. ముప్పది యేండ్ల మోత అబద్ధము కాదు. ఆ మూటలు అతడు మోసినది ఆ పిల్లల కొరకే. నయీముద్దీన్ మాత్రము తన ఆటగాండ్రను కష్టపెట్టినది వారి గెలుపు కొరకు కాదా?

హైదరాబాదు ఫుట్‌బాల్‌లో ఇతనికి పూర్వము మరియొక పెద్దవాడుండెను. అతనిని విడిచి ఈ సంగతి చెప్పుటకు వీలులేదు. సయ్యద్ అబ్దుల్ రహీం, 1909లో పుట్టినవాడు, వృత్తిచేత బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు అతడు శిక్షకుడై యుండగా వారు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచిరి. భారత జట్టు కూడ అతని చేతిలోనే యుండెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో మనవారు పలువురు బూట్లు లేకుండ ఆడి యుగోస్లావియాచేత పది గోలులు తినిరి. నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌లో అదే దేశపు జట్టు నాలుగవ స్థానమునకు ఎక్కెను. ఈ పంతులు పద్ధతి చిత్రమైనది. బలములేని కాలితోనే ఆడవలెనను పోటీలు పెట్టించెను. బంతిని తనయొద్ద ఉంచుకొనక వెంటనే తోడివానికి అందింపవలెనను పోటీలు పెట్టించెను. అందులోను కష్టమున్నది. కాని అది పిల్లవానిలో లేని శక్తిని వెదకి లేపు కష్టము. గద్దింపువలన ఎడమకాలు నేర్చుకొనదని బడిపంతులుకు తెలిసియుండును.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో జరిగినది వినుడి. జర్నైల్ సింగ్ అను పంజాబీ, మన జట్టులో మిక్కిలి మొండి డిఫెండరు. థాయిలాండుతో జరిగిన ఆటలో అతని తల పగిలి కుట్లు పడెను. తలతో బంతిని కొట్టుట డిఫెండరునకు నిత్యకృత్యము గదా. రహీం అతనిని ఇంటికి పంపలేదు. సెమీఫైనల్‌లో వెనుక వరుసనుండి తీసి ముందు వరుసలో పెట్టెను. అతడు గోలు చేసెను. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో చివరి ఆట జరిగెను. ఇశ్రాయేలును, తైవానును ఆ క్రీడలకు రానియ్యనందుకు భారతదేశపు క్రీడాధికారి యొకడు ఆక్షేపించినందున స్టేడియములోని జనులు మనవారిమీద కోపముతో కేకలు వేయుచుండిరి. ఆ కేకల మధ్య పి.కె. బెనర్జీ ఒక గోలు చేసెను, తల కుట్లతో జర్నైల్ సింగ్ మరియొకటి చేసెను. రెండింటికి ఒకటిగా మనవారు గెలిచి బంగారు పతకము తెచ్చిరి. మైదానపు అంచున నిలిచిన రహీంను అప్పటికే కాన్సరు తినుచుండెను. 1963 జూన్ 11న అతడు చనిపోయెను. జర్నైల్ సింగ్ కూడ తరువాత శిక్షకుడై 1974లో పంజాబు జట్టుచేత సంతోష్ ట్రోఫీ గెలిపించెను.

ఈ కథను చెప్పి చప్పట్లు కొట్టించుట సులభము. నాకు మాత్రము ఇందులో ఒక ముల్లున్నది. చావు దగ్గరపడిన శిక్షకుడు తల పగిలిన ఆటగాని ఆడింపవచ్చునా? తన దేహము పోవుచున్నది గనుక ఇతరుని దేహమును కోరవచ్చునా? మన వైద్యులిప్పుడు తల దెబ్బలను గూర్చి నాటికంటె ఎక్కువ ఎరుగుదురు. నేడైనయెడల అతనిని ఆడనియ్యరు, ఆడనియ్యకపోవుటయే మంచిది. గెలిచినంతమాత్రమున ఒక పని న్యాయమైనదని మనము చెప్పరాదు. బంగారము వచ్చియుండనియెడల ఆ కుట్లను గూర్చి పత్రికలు ఏమి వ్రాసియుండెడివి?

నా తలంపు ఇది. తాను కష్టపడినవాడు ఇతరులను కష్టపడుమని అడుగు హక్కును సంపాదించుకొనును. కష్టపడనివానికి ఆ హక్కు లేదు. కాని అది అడుగు హక్కే గాని బలవంతపెట్టు హక్కు కాదు. ఎంత మోసినను, ఎన్ని కుట్లు పడినను, మొదటిది పెరిగి రెండవది కాజాలదు. పౌలు ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రికను తెరచి చూడుడి. ఆజ్ఞాపించుటకు తనకు ధైర్యము కలదని చెప్పును. తాను వృద్ధుడననియు, ఖైదీననియు కూడ చెప్పును. అనగా తన భుజము మీది కాయను చూపించును. అంత చూపించిన తరువాత చేసినది బతిమాలుటయే. అడుగుటకును బలవంతపెట్టుటకును భేదమెట్లు తెలియును? ఎదుటివాడు వద్దనినయెడల ఏమి జరుగునో చూడుడి. వద్దనిన తరువాత కూడ ఆ యింట వానికి అన్నము, ఆ మాటలో మునుపటి మెత్తదనము ఉన్నయెడల, మనము అడిగితిమి. లేనియెడల అడుగుట వేషమే.

వయసు వచ్చిన ఆటగాడు ఒక సంఘము విడిచి మరియొక సంఘమునకు పోగలడు. నయీముద్దీన్ తానే పోయెను గదా. కలకత్తాలో ఆటగాండ్రు అట్లు పోవుచునేయుందురు. కఠినుడైన శిక్షకునికి అదియొక కళ్ళెము. పదునారేండ్ల పిల్లవానికి ఆ దారి లేదు, గోడ తప్ప.

ఇందుకు ఎదురుమాట కలదు, దానిని బలముగానే చెప్పవలెను. "అయ్యా, అడిగినంతమాత్రమున ఏ పిల్లవాడు వినును? సెల్‌ఫోనును విడుచునా? ఏలీ తన కుమారులను అడిగెను, అడిగి ఊరకుండెను, ఏమాయెను?" నిజమే. ఏలీ కుమారులు బలిపీఠపు మాంసమును బలవంతముగా తీసికొనినప్పుడు తండ్రి మెత్తగా మందలించి విడిచెను. ఆ మెత్తదనమునకు ఇశ్రాయేలంతయు వెల చెల్లించెను. మెత్తదనమంతయు ప్రేమ కాదు. కొంత మెత్తదనము సోమరితనమే, పిల్లలచేత మంచివాడనిపించుకొను కోరికయే. కఠినుడైన శిక్షకుడు కనీసము ఆ కోరికను చంపుకొన్నవాడు. 1990 నాటి ఆ మూడు కప్పులు సడలింపువలన వచ్చినవి కావు. ఇతరులకు హాని చేయు పిల్లవానిని ఆపుటకు అనుమతి అడుగనక్కరలేదు. కాని ఏలీ కుమారులు ఇతరుల సొత్తును దోచుకొనిరి. హమాలీ కుమారుడు ఎవరి సొత్తును దోచుకొనలేదు. వాడు ఒక వసతిగృహమునకు వెళ్ళుటకు భయపడుచున్నాడు, అంతే. ఈ రెంటిని ఒక్క గంపలో వేయుట మన పెద్దల అలవాటు.

మరియొక సంగతి. కఠినత్వము ఒకచోట ఫలించినది గనుక అన్నిచోట్ల ఫలించునని లేదు. నయీముద్దీన్ 2005లో భారత జట్టునకు మరల శిక్షకుడై, డిసెంబరులో కరాచీలో దక్షిణాసియా కప్పును గెలిపించెను. రెండు మాసములైన తరువాత, 2006 ఫిబ్రవరిలో, జపాను మనవారిమీద ఆరు గోలులు చేసెను, మనకు ఒకటియు రాలేదు. తరువాత ఢిల్లీలో యెమెను మూడు గోలులతో ఓడించెను. ఆ సంవత్సరమే ఆ పనిని బాబ్ హౌటన్ అను ఆంగ్లేయునికి అప్పగించిరి. మనుష్యుడు అదే, పద్ధతి అదే. ముప్పదియారేండ్ల క్రితము అతడు గోలు రానియ్యక నిలిపిన జపాను మాత్రము అదే జపాను కాదు. ఆ దేశము 1993లో వేతనపు ఆటగాండ్ర లీగును నెలకొల్పి పిల్లలనుండి మొదలుపెట్టి ఆటను కట్టుకొని వచ్చెను. ఎదుట అట్టి పునాది నిలిచినప్పుడు మన ఆటగాండ్రను ఇంకొక గంట పరుగెత్తించుటవలన ఏమి తీరును? ఆ ఓటమిని ఒక్క శిక్షకుని తలమీద పెట్టుట న్యాయము కాదని నా అభిప్రాయము.

అదే 2006లో మన కొల్లేటిలో ఐదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము కొట్టించెను. ఆ దినములలో అన్నము పోయిన కుటుంబములు మన సంఘములలోనే కలవు గనుక ఆ దుఃఖమును తేలికగా ఎత్తుట లేదు. చేపలు పెంచినవారు దొంగలు కారు. కాని గట్టు ఎంత గట్టిదైనను, నీరు పోవలసిన దారికి అడ్డముగా వేసినయెడల, పైనున్న ఊళ్ళు మునుగును. ఆ గట్టు బలమే వారికి ఆపద. మెత్తని గట్టయినయెడల తానే తెగియుండును.

రెహబాముకు అది తెలియలేదు. అతని తండ్రి సొలొమోను జనులచేత వెట్టి చేయించెను గాని కట్టినవాడు, ఏలినవాడు. కుమారుడు కట్టినదేమియు లేదు. భారము తగ్గించుమని జనులు వచ్చి అడిగినప్పుడు పెద్దలు మెత్తగా మాటలాడుమనిరి, తోడి యౌవనులు ఇంకను బిగించుమనిరి. అతడు బిగించెను, పది గోత్రములు లేచిపోయెను. మన బడులలో బెత్తము పట్టుకొను చిన్న ఉపాధ్యాయులను చూచునప్పుడు నాకు ఈ రాజు జ్ఞాపకమునకు వచ్చును. వారికి భుజమున కాయలు లేవు, మాట మాత్రము హమాలీ మాట. ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలను బడిలో కొట్టరాదని 2009 విద్యాహక్కు చట్టము నిషేధించినదని వారికి తెలియనిది కాదు. "మా వాణ్ణి కొట్టినా ఫర్వాలేదండీ" అని తలిదండ్రులే వెళ్ళి చెప్పివచ్చుచున్నారు. చట్టము బడి గేటుదాక వచ్చినది, మన నోటిదాక రాలేదు.

ఆ సహోదరునితో నేను చెప్పినది ఎక్కువేమియు లేదు. "నీ భుజమును నాకు చూపించినట్టు వానికి ఎప్పుడైన చూపించితివా?" అని అడిగితిని. లేదనెను. పిల్లలు చూడకుండ చొక్కా వేసికొని ఇంటికి పోవుట అతని అలవాటట. "చూపించి, నీకేమి కావలెనో చెప్పి, వాడు ఏమనునో వినుము. ఏలూరులో ఇంటినుండి పోయివచ్చి చదువుకొను కళాశాలలును కలవు, రైలు కలదు" అంటిని.

"ఆడు వద్దంటే అయ్యగారండీ?"

"వద్దనినను ఆ రాత్రి వానితోకూడ కూర్చుండి భోజనము చేయుము."

అతడు చాలసేపు ఊరకుండెను. పిమ్మట, పెద్దవాని సంగతి కూడ అడుగవచ్చునా అనెను. పెద్దవానిని ఏమని అడుగుదువంటిని. "ఆ రాత్రి గోడ దూకినప్పుడు కాలికి దెబ్బేమన్నా తగిలిందాని, ఎప్పుడూ అడగలేదండి" అనెను.